పాట కింది పరుగు

బాంజో మీద మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు. తీగ అదురును బ్రిడ్జి తన కిందనున్న పలుచని తోలుకు అందిస్తుంది. బిగించి కట్టిన ఆ తోలు దాన్ని దాచుకోకుండా ఒక్కసారే గాలిలోకి వదిలేస్తుంది. వీణ మీద ఒక స్వరాన్ని మీటి, తీగను లాగి, గమకం పలికించి, అది సన్నగిల్లేదాకా వినే తీరిక ఉంటుంది. బాంజో ఆ తీరిక ఇవ్వదు. ఖంగుమని మోగుతుంది, అయిపోతుంది. అందుకే ఈ వాద్యగాళ్లు ఒక స్వరం ఆరేలోగా మరొకటి, అది ఆరేలోగా ఇంకొకటి అందిస్తూ పోతారు. కుడిచేతి మూడువేళ్లూ ఒక క్రమంలో తీగల మీద తిరుగుతూనే ఉంటాయి. ఆ క్రమాన్నే రోల్ అంటారు.

నార్త్ కరోలినాలో ఉంటూ నేను ఈ రోల్స్ నేర్చుకుంటున్నాను. నా కోరిక పాడేవాళ్ల పక్కన నిలబడి వాయించాలని. బాంజో అనగానే చాలామందికి మెరుపువేగంతో సాగే వాద్యగీతాలే గుర్తొస్తాయి. 1967లో వచ్చిన ‘బానీ అండ్ క్లైడ్’ సినిమాలో కార్లు పరుగెత్తే దృశ్యాల వెనక వినిపించిన ‘ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్’ అలాంటిదే. కానీ బ్లూగ్రాస్ అనే ఇక్కడి సంగీతం వాయించే బృందంలో బాంజో వాయించే మనిషికి కాలమంతా దాదాపు పాట వెనకే గడుస్తుంది. తానొక్కడే వినపడే వంతు పాటకు ఒకటో రెండో. మిగిలినదంతా పక్కవాద్యం. నన్ను పట్టుకున్నది ఆ మిగిలినదే.

మన దేశంలో మీటలు నొక్కుతూ వాయించే బుల్‌బుల్ తరంగ్‌ని కూడా చాలాచోట్ల బెంజో అంటారు. ఇది అది కాదు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి (ఇప్పుడు తోలు స్థానంలో ప్లాస్టిక్ పొర వచ్చింది), పొడవాటి మెడ అతికించి, ఐదు తీగలు కట్టిన వాద్యం. ఐదింట్లో నాలుగు మెడ పొడవునా సాగుతాయి. ఐదోది పొట్టిది, దాని బిరడా మెడ మధ్యలో, ఐదో మెట్టు దగ్గర ఉంటుంది. బొటనవేలికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే ఈ తీగే అన్నిటికన్నా పైస్థాయిలో పలుకుతుంది. చూడగానే ఎవరో తిరగేసి కట్టారేమో అనిపిస్తుంది.

ఆ పొట్టి తీగ చరిత్ర తెలియకుండా ఈ వాద్యం పట్టుకోవడం తప్పని నా నమ్మకం. పశ్చిమాఫ్రికాలో సొరబుర్రకు తోలు బిగించి, కర్ర గుచ్చి, తీగలు కట్టి వాయించే వాద్యాలు ఎన్నో ఉన్నాయి. సెనెగల్, గాంబియా ప్రాంతాల్లోని జోలా ప్రజల అకోంటింగ్ వాటిలో ఒకటి. బానిసలుగా ఓడలెక్కించి తెచ్చిన మనుషులు కరీబియన్ దీవుల్లో, ఆ తర్వాత అమెరికా దక్షిణాన, ఆ జ్ఞాపకంతోనే బాంజోని కట్టుకున్నారు. బొటనవేలు మీటే పొట్టి తీగ వాళ్లు తెచ్చిన సంపద. ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల దారిన అది 1840ల నుంచి తెల్లవాళ్ల వినోదంగా దేశమంతా పాకింది. ఆ తర్వాత చాలాకాలం దాన్ని కొండప్రాంతపు తెల్లవాళ్ల వాద్యంగానే లోకం చూసింది. మా రాష్ట్రంలోనే మెబేన్ అనే ఊళ్లో జో థాంప్సన్ అనే నల్లజాతి ఫిడేలు విద్వాంసుడు తన తొంభైల దాకా పాత పద్ధతిని నిలబెట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్న యువకులే 2005లో కరోలినా చాకొలెట్ డ్రాప్స్ బృందంగా కలిశారు. వాళ్లలో ఒకరైన రియానన్ గిడెన్స్ ఇవాళ ఈ వాద్యం ఎవరిదో లోకానికి పాడి చెబుతోంది.

రోల్స్ సంగతికి వస్తే అందరూ ముందు తలుచుకునే పేరు ఎర్ల్ స్క్రగ్స్. 1924లో నార్త్ కరోలినాలోని క్లీవ్‌లాండ్ కౌంటీ, ఫ్లింట్ హిల్‌లో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఆ చుట్టుపక్కల స్మిత్ హామెట్, స్నఫీ జెంకిన్స్ వంటివాళ్లు మూడువేళ్లతో వాయించే పద్ధతి అప్పటికే ఉంది. పదేళ్లప్పుడు ఒకనాడు అన్నతో పోట్లాడి గదిలో కూర్చుని ‘రూబెన్’ అనే పాట వాయిస్తుంటే తన చెయ్యి కూడా మూడువేళ్లతో ఆడుతోందని హఠాత్తుగా గమనించి, వచ్చేసిందని అరుస్తూ పరుగెత్తానని ఆయనే చెప్పుకున్నాడు. యుద్ధకాలంలో షెల్బీలోని నూలు మిల్లులో పనిచేసి, 1945 డిసెంబరులో బిల్ మన్రో నడిపే ‘బ్లూ గ్రాస్ బాయ్స్’లో చేరాడు. మన్రో సొంత రాష్ట్రం కెంటకీకి ఉన్న ముద్దుపేరు బృందానికి వచ్చింది, బృందం పేరే ఈ సంగీతానికి మిగిలింది. అంతకుముందు బాంజో వాయించేవాళ్లలో చాలామంది వేదిక మీద హాస్యగాళ్లు కూడా. తలవంచుకుని, మొహంలో ఏ వేషం లేకుండా, వాయిద్యం మీదే చూపు నిలిపి వాయించే ఈ యువకుడు వచ్చాక ఆ తీరు మారింది.

ఇక వేళ్ల లెక్క. బొటనవేలికి ప్లాస్టిక్ పిక్కు, చూపుడువేలికీ మధ్యవేలికీ లోహపు పిక్కులు తొడుగుతారు. ఒక ఖండంలో ఎనిమిది స్వరాలు. ఒకే వేలు వెంటవెంటనే రెండుసార్లు మీటకపోవడం సాధారణ నియమం. హుషారైన పాటలో సెకనుకు ఎనిమిది, తొమ్మిది స్వరాలు పడాలి కాబట్టి, వేలికి మళ్లీ తన వంతు వచ్చేలోగా కాస్త విశ్రాంతి దొరకాలి. మొదట నేర్పేది బొటనవేలు మార్చిమార్చి వచ్చే రోల్. బొటన, చూపుడు, బొటన, మధ్య. అదే మరోసారి. చదరంగా, సమంగా నడుస్తుంది. తర్వాత ముందుకు సాగే రోల్. బొటన, చూపుడు, మధ్య అనే వరసే తిరుగుతూ ఉంటుంది. వెనక్కి నడిచే రోల్‌లో అదే వరస తలకిందులు. ముందుకు వెళ్లి మధ్యలో తిరిగొచ్చేది మరొకటి.

నాకు వీటిలో ముందుకు సాగే రోల్ మీద ప్రత్యేకమైన ప్రేమ. వేళ్లు మూడు, స్వరాలు ఎనిమిది. మూడుతో ఎనిమిది భాగారం పోదు. రెండు చుట్లు పూర్తయ్యాక రెండు స్వరాలు మిగులుతాయి. మూడు, మూడు, రెండు. బాస్ వాయించేవాడు కింద నాలుగూ నాలుగుగా అడుగులు వేస్తుంటే, పైన బాంజో ఊనికలు ఆ అడుగులతో ఒకచోట తప్పి మరోచోట కలుస్తాయి. ఆదితాళం ఎనిమిది దెబ్బల్ని మృదంగం మీద రకరకాలుగా విరిచి కలపడం విన్న చెవికి ఈ లెక్క పరాయిదిగా తోచదు. బ్లూగ్రాస్‌లో డ్రమ్ములు లేకపోయినా పాట ముందుకు ఉరుకుతున్నట్టు వినిపించడానికి ఒక పెద్ద కారణం ఈ విరుపే.

తీగల శ్రుతి మరో అందం. ఎడమచెయ్యి తాకకుండా అన్ని తీగలూ మీటితే ‘జి’ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పలుకుతుంది. జిని షడ్జం అనుకుంటే నాలుగో తీగ మంద్ర పంచమం, మూడోది షడ్జం, రెండోది అంతర గాంధారం, మొదటిది పంచమం, పొట్టి తీగ తారషడ్జం. రోల్ ఏదైనా బొటనవేలు మాటిమాటికీ ఆ తారషడ్జం దగ్గరికి వెళ్లొస్తుంది. పాట మధ్యమం మీది కార్డ్‌కి మారినా ఆ షడ్జం అక్కడ ఇమిడిపోతుంది. పంచమం మీది కార్డ్‌కి మారినప్పుడు మాత్రం ఇమడదు. ఆ కార్డ్‌లోని కాకలి నిషాదానికి అది పక్కింటి స్వరం, రెండూ ఒరుసుకుంటాయి. ఎవరూ దాన్ని సరిచెయ్యరు. ఆ ఒరిపిడి లేకపోతే బాంజో బాంజోలా వినిపించదు. తంబూర శ్రుతి మీద పెరిగిన నాకు, పాట ఎటు తిరిగినా పక్కనే మోగే ఒక స్వరం ఉండటం పెద్ద ఆసరా.

వేళ్లు ఇంతవరకూ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. వెనకటి తరంవాళ్లు రికార్డులు అరిగేదాకా విని నేర్చుకున్నారు. నిమిషానికి 33 చుట్లు తిరిగే రికార్డుని 16 చుట్ల వేగానికి తగ్గిస్తే పాట సగం వేగంతో, ఒక స్థాయి కిందికి దిగి వినపడుతుంది. మూలుగులా వచ్చే ఆ ధ్వనిలోంచి ఒక్కో స్వరాన్నీ ఏరుకునేవారు. 1968లో స్క్రగ్స్ పేరుతోనే బాంజో పుస్తకం వచ్చాక ఏ తీగను ఏ మెట్టు దగ్గర నొక్కాలో అంకెల్లో చూసుకునే వీలు కలిగింది. నేను కూడా అంకెలతోనే మొదలుపెట్టాను. కానీ ఆ అంకెల్లో ఉన్నది చాలామటుకు సోలో. గొంతు ఉన్నప్పుడు ఏం చెయ్యాలో గొంతు వినే తెలుసుకోవాలి.

నాకు నేర్పే పెద్దాయన్ని ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాదు, మాస్టారూ అంటాను, ఆయనకూ అలవాటైంది. కొత్త పాట ఏదైనా మొదలుపెడితే బాంజో ఒళ్లో పెట్టుకుని ముందు పాడమంటారు. గొంతు బాగుండాలని కాదు. పాదం ఎక్కడ మొదలవుతుంది, మాట ఎక్కడ ఆగుతుంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఇవి నా ఒంటికి తెలియాలి. తర్వాత బొటనవేలి రోల్ ఒక్కటే వాయిస్తూ పాడాలి. ఆ తర్వాత రోల్ ఆగకుండా మాటలు మాట్లాడాలి. చేతి పని మనసు మీద భారంగా ఉన్నంతకాలం చెవి ఖాళీగా ఉండదు, చెవి ఖాళీగా లేకపోతే పాడే మనిషి పక్కన నిలబడ్డా ఒంటరిగా వాయిస్తున్నట్టే. రోల్‌ని వేలసార్లు తిప్పి తిప్పి చేతికి అప్పగించేది అందుకే. ఎడమచెయ్యి కార్డ్ మారడంలో కొంచెం వెనకబడ్డా కుడిచెయ్యి మాత్రం ఆగకూడదు. తప్పుస్వరం ఒకటి పడితే పాడేవాళ్లకు తెలియకుండానే పోవచ్చు, రోల్ తెగితే మాత్రం వాళ్ల కాళ్ల కింద నేల కదులుతుంది.

గొంతు వెనక వాయించే పద్ధతి మన కచేరీ పద్ధతికి దాదాపు ఎదురు. మన వయొలిన్ విద్వాంసుడు గాయకుడి స్వరాన్ని నీడలా వెంటాడతాడు. అదే స్వరం, అదే గమకం, ఒక్క అర క్షణం వెనక. ఆ అనుసరణలోనే అతని ప్రతిభ. బ్లూగ్రాస్‌లో బాంజో పాట స్వరాన్ని పలికిందంటే పాడేవాళ్లకు అడ్డుపడినట్టే. కంచులా మోగే ఆ లోహపు పలుకు ముందు గొంతు నిలవదు. అందుకని సోలోలో ఏ స్వరాలనైతే ఊనిక పెట్టి పైకి తేవాలో, పాట వెనక సరిగ్గా వాటినే దాటెయ్యాలి. గొంతు పైస్థాయిలో ఉంటే బాంజో కింది తీగల మీద తిరుగుతుంది. చెయ్యి బ్రిడ్జి దగ్గరి నుంచి మెడ వైపు జరుగుతుంది. అక్కడ మీటితే పలుకు మెత్తబడుతుంది. పరుగు మాత్రం అదే, ఎనిమిదికి ఎనిమిది స్వరాలూ పడుతూనే ఉంటాయి.

పాదం చివర గొంతు ఆగినచోట బాంజోకి ఒక చిన్న సందు దొరుకుతుంది. అక్కడ ఓ చిన్న పలుకు వేసి, తర్వాతి పాదం అందుకునేలోగా తప్పుకోవాలి. ఆ సందు అందరిదీ. ఫిడేలు ఉంది, మాండొలిన్ ఉంది, అందరికీ చేతులు దురదపెడుతూనే ఉంటాయి. ఒక చరణంలో ఒకరే నింపాలని రాయని ఒప్పందం. ఫిడేలు నింపుతుంటే బాంజో రోల్ కూడా వదిలేసి, మెడ పైభాగంలో కార్డ్ పట్టి, రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా తుంచినట్టు మీటుతుంది. మాండొలిన్ అప్పటికే ఆ తుంపు వాయిస్తుంటే బాంజో మళ్లీ కిందికి వచ్చి మెల్లగా రోల్ అందుకుంటుంది. డ్రమ్ములు లేని బృందంలో డ్రమ్ముల పనిని వీళ్లంతా ఇలా పంచుకుంటారు. ఎవరి చేతిలో ఏ భాగం ఉందో ప్రతి చరణానికీ మారుతుంది. చూపుతోనే మారుతుంది.

ఈ మర్యాదకు ఒక మైకు కథ కూడా ఉంది. నాష్‌విల్ ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ రేడియో కార్యక్రమం మన్రో, స్క్రగ్స్‌ల రోజుల్లో రైమన్ ఆడిటోరియంలో జరిగేది. అది ఒకప్పుడు మతసభల కోసం కట్టిన మందిరం. అప్పటి బృందాలు తరచూ ఒకే మైకు చుట్టూ నిలబడి వాయించేవి. సోలో వచ్చినవాడు మైకు దగ్గరికి నడిచి వస్తాడు, అయిపోగానే పక్కకు తప్పుకుంటాడు, పాడేవాడు ముందుకు వస్తాడు. శబ్దం ఎంత ఉండాలో అడుగులు నిర్ణయించేవి. వెనక్కి వెయ్యాల్సిన అడుగు సమయానికి వెయ్యకపోతే పాట మునిగిపోతుంది. ఇప్పుడు ఎవరి మైకు వారికుంది. అయినా పాతపద్ధతిని ఇష్టపడే బృందాలు కొన్ని ఒక్క మైకుతోనే కచేరీ చేస్తాయి. నేను అలాంటిది చూస్తున్నప్పుడు చేతుల కన్నా కాళ్లనే ఎక్కువ గమనించాను.

స్క్రగ్స్, గాయకుడు లెస్టర్ ఫ్లాట్ కలిసి 1948లో మన్రో దగ్గరి నుంచి విడిపోయి ‘ఫాగీ మౌంటెన్ బాయ్స్’ పెట్టుకున్నారు. ఆ బృందం రికార్డుల్లో ఫ్లాట్ గొంతు వెనక స్క్రగ్స్ వాయించింది మాత్రమే వినమని మాస్టారు చెబుతారు. సోలో వచ్చినప్పుడు చెవులు మూసుకోమన్నంత పని చేస్తారు. నిజంగా అలా వింటే మరో మనిషి కనపడతాడు. ఫ్లాట్ తాపీగా, మాట్లాడుతున్నట్టు పాడతాడు. మాట చివర కాస్త సాగదీస్తాడు. ఆ సాగదీత ఎంతసేపో స్క్రగ్స్‌కి ముందే తెలిసినట్టు, సరిగ్గా అది ముగిసిన చోట బాంజో పైకి లేచి, తర్వాతి మాటకు అణుగుతుంది. భక్తిగీతాల దగ్గరికి వచ్చేసరికి అదీ లేదు. నలుగురు గొంతులు కలిపి పాడే ఆ పాటల్లో ఆయన బాంజో పక్కన పెట్టి గిటారు అందుకునేవాడు. తన పేరుతోనే ఒక వాద్యపద్ధతి పిలవబడుతున్న మనిషి, పాటకు ఆ వాద్యం పనికిరాదనుకున్నప్పుడు దాన్ని కింద పెట్టెయ్యడం! పక్కవాద్యం గురించి నేను విన్నవాటిలో దీన్ని మించిన పాఠం లేదు.

 స్క్రగ్స్ చిన్నతనం గురించి చెప్పే కథల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఒకటుంది. ఎర్ల్, ఆయన అన్న హొరేస్ ఇంటి ముందు ఒకే పాట కలిపి మొదలుపెట్టేవారట. వాయిస్తూనే చెరోవైపు నడిచి ఇంటి చుట్టూ తిరిగేవారు. ఇల్లు అడ్డొచ్చాక ఒకరిది ఒకరికి వినపడదు. ఇంటి వెనక ఎదురుపడేసరికి ఇద్దరూ పాటలో ఒకేచోట ఉన్నారా లేదా అని చూసుకునేవారు. లయ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పక్కవాడి వాయింపు వినపడనప్పుడు కూడా అతను ఎక్కడున్నాడో నాకు తెలియాలి. ఆ ఆటను మా పిల్లాడితో మా ఇంటి చుట్టూ ఆడుతున్నాను. వాడు చప్పట్లు, నేను రోల్. వీధిలో వాళ్లు నవ్వుకుంటూ చూస్తారు, కొందరు చెయ్యి ఊపుతారు.

వారాంతాల్లో ఇక్కడ జామ్‌లు జరుగుతాయి. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు. పాట ఎత్తుకునేవాళ్లు శ్రుతి చెబుతారు, కార్డ్‌లను ఒకటి, నాలుగు, ఐదు అంటూ అంకెలతో చెబుతారు. తెలియని పాటైతే గిటారు వాయించే మనిషి ఎడమచేతిని చూసి కార్డ్ పట్టుకోవచ్చు. కొత్తవాళ్లు వెనక వరసలో కూర్చుని మెల్లగా వాయించుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. పాడేవాళ్లు ఎక్కువగా జి, ఎ, బి శ్రుతుల్లో పాడతారు. ఎ, బి అయితే తీగలను అదిమిపట్టే కేపోని మెడకు బిగించాలి. పొట్టి తీగకు కేపో అందదు కనుక దాని పక్కన మెడ మీద బుల్లి మేకులు దిగ్గొడతారు, తీగను ఆ మేకు కిందికి తోస్తే శ్రుతి పెరుగుతుంది. ఆ మేకులు బొమ్మరైళ్ల పట్టాలకు కొట్టేవి! దుకాణంలో వాటిని రైల్‌రోడ్ స్పైకులు అనే అడగాలి.

బేలా ఫ్లెక్ బాంజోతో జాకిర్ హుస్సేన్ తబలా, రాకేశ్ చౌరాసియా వేణువు, ఎడ్గర్ మేయర్ బాస్ కలిసిన ‘యాజ్ వి స్పీక్’ 2023లో వచ్చింది, గ్రామీ అవార్డులు అందుకుంది. వినేవాళ్లు అందులో వేగాన్ని మెచ్చుకుంటారు. నేను మళ్లీ మళ్లీ వినేది వేణువు నెమ్మదిగా సాగే చోట్లని. బాంజో అక్కడ ఏ స్వరాలను వాయించకుండా వదిలిందో వినడం కోసం.

మా జామ్‌కి వచ్చే ఒక పెద్దావిడ గొంతు సన్నగా, కొంచెం వణుకుతూ ఉంటుంది. పొలాల నుంచి, చర్చి నుంచి వచ్చిన పాటలు ఆమెకు లెక్కలేనన్ని వచ్చు. వాటిలో వాల్ట్జ్‌లు చాలా ఉన్నాయి. మూడు దెబ్బల నడకలో ఖండానికి ఆరు స్వరాలే కాబట్టి నేను ఇంతకాలం చేతికి అప్పగించిన ఎనిమిది ఇక్కడ పనిచెయ్యదు. మూడు వేళ్లూ రెండు చుట్లు తిరిగితే సరిపోతుంది, ఏమీ మిగలదు, మూడు, మూడు, రెండు అనే విరుపూ ఉండదు. ఆ విరుపు లేకుండా పాటను ముందుకు నడిపించడం ఎలాగో ఇప్పుడు నేర్చుకుంటున్నాను. ఆవిడ పాడేది సి శ్రుతిలో. అంటే కేపో అక్కర్లేదు, తీగల శ్రుతి మార్చక్కర్లేదు. ఇన్నాళ్లూ నా బొటనవేలికి షడ్జంగా ఉన్న పొట్టి తీగ మాత్రం ఆమె పాటలో పంచమం అవుతుంది.